టాకిస్ శిల్పాలు: ముందు సిగ్నల్సా, అయస్కాంతాలా?

గ్రీకు శిల్పి టాకిస్ గురించి ఎప్పుడు రాసినా ఇదే ప్రశ్న వస్తోంది: మొదట 'సిగ్నల్స్' చూడాలా, అయస్కాంత శిల్పాలా? అడిగేవాళ్లలో చాలామంది ప్యారిస్ ప్రయాణం పెట్టుకున్నవాళ్లే కాబట్టి సిగ్నల్స్ సంగతే ముందు చెప్తాను.

1925లో ఏథెన్స్‌లో పుట్టిన టాకిస్ 1954లో ప్యారిస్ చేరాడు. ఫ్రాన్స్‌లోని కలే స్టేషన్‌లో రైలు కోసం కూర్చుని, చుట్టూ వెలిగి ఆరే దీపాలను చూస్తూ ఉండిపోయిన అనుభవం ఈ సిగ్నల్స్ వరసకు బలం ఇచ్చింది. వంగే సన్నటి లోహపు కడ్డీలు, కొసన ఒక దీపమో పాత యంత్రం ముక్కో. గాలికి ఊగుతాయి. ప్యారిస్ పక్కనే ఉన్న వ్యాపార ప్రాంతం లా డెఫాన్స్‌లో, ఒక నీటి కొలనులో ఇలాంటివి 49 ఉన్నాయి, 1988లో పెట్టినవి. ఆరుబయటే, టికెట్ లేదు, పిల్లలతో వెళ్లినా విసుగు రాదు. నచ్చకపోవడం కష్టం. కాకపోతే గాలితో శిల్పాన్ని కదిలించడం అమెరికన్ శిల్పి కాల్డర్ అంతకుముందే చేసి చూపించాడు.

అయస్కాంతాల దగ్గర అలా కాదు. 1959 నుంచి చేసిన ఈ శిల్పాల్లో ఉండేది చాలా తక్కువ: ఒక అయస్కాంతం, దాని ఎదురుగా గాల్లో నిలిచిన ఓ మేకో ఇనప శంకువో, దాన్ని వెనక్కి పట్టుకున్న సన్నటి దారం. మేకు అయస్కాంతానికి అతుక్కోవాలని చూస్తుంది, దారం పోనివ్వదు. రెంటి మధ్య కాస్తంత ఖాళీ.

నా ఓటు అయస్కాంతాలకే, ఆ తీర్పు ఈ ఖాళీ మీదే ఆధారపడింది. రాతి శిల్పమైనా కంచు శిల్పమైనా కింద పీఠమో నేలో బరువు మోయాల్సిందే. ఇక్కడ మోసేది కంటికి కనపడదు. చూడ్డానికి దాదాపు ఏమీ కదలదు, అయినా ఎదురుగా నిలబడితే ఇప్పుడు తగిలేస్తుందేమోనని ఒకటే టెన్షన్. ఫొటోలో మాత్రం దారానికి కట్టిన మేకులాగే కనిపిస్తుంది. అందుకే ఫొటోలు చూసి "ఇందులో ఏముంది?" అనేవాళ్లతో నేను వాదించను.

ఈ పిచ్చి ఎంత దూరం వెళ్లిందంటే, 1960 నవంబరులో ప్యారిస్‌లోని ఐరిస్ క్లేర్ గ్యాలరీలో సింక్లెయిర్ బైల్స్ అనే కవినే అయస్కాంతాల సాయంతో గాల్లో నిలబెట్టాడు. గగారిన్ అంతరిక్షంలోకి వెళ్లడానికి ఇంకా నెలల టైముంది. 1969 జనవరిలో మరో గొడవ: న్యూయార్క్ ఆధునిక కళా మ్యూజియం తన దగ్గరున్న టాకిస్ అయస్కాంత శిల్పాన్ని అతనికి ఇష్టం లేకుండా ప్రదర్శనకు పెట్టింది. టాకిస్ వెళ్లి దాన్ని పెరికి, తోటలోకి తెచ్చుకుని, తీసేస్తామని ఒప్పుకునేదాకా కూర్చున్నాడు. కళాకారుల హక్కుల కోసం న్యూయార్క్‌లో మొదలైన ఉద్యమానికి ఇదే నిప్పు రాజేసింది.

'మ్యూజికల్స్' అనే సంగీత శిల్పాలూ ఉన్నాయి. విద్యుదయస్కాంతం ఆడించే సూది తీగను కొడుతుంది, ఆ మోత స్పీకర్లో వినిపిస్తుంది. కాసేపు బాగుంటుంది. నీలి వెలుగుల 'టెలీలైట్స్' దారిలో కనిపిస్తే చూడండి, చాలు.

ప్యారిస్‌లో ఒక్క సాయంత్రమే ఖాళీ ఉంటే లా డెఫాన్స్‌కే వెళ్లండి, వెతుక్కునే పని లేదు. ఏథెన్స్ వెళ్లేవాళ్లు మాత్రం ఊరి బయట గెరోవూనో కొండ మీద అతని ఫౌండేషన్‌కు వెళ్లి, అయస్కాంతాలతోనే మొదలుపెట్టండి. తెరిచే వేళలు ముందే కనుక్కోండి.