నాలుగేళ్లు వాడిన ట్రెడ్‌మిల్: మోటారు నిక్షేపంలా ఉంది, బోర్డే పోయింది

మాది ఇంట్లో వాడే ఫోల్డింగ్ ట్రెడ్‌మిల్. డబ్బా మీద పెద్ద అక్షరాల్లో ‘4 హెచ్‌పీ పీక్’ అని ఉంటుంది. ఆ అంకెను చూసి మోసపోకండి, పీక్ అంటే కాసేపు మాత్రమే అందుకోగల గరిష్ఠ శక్తి (హెచ్‌పీ అంటే హార్స్‌పవర్). 1 హెచ్‌పీ అంటే 746 వాట్లు. ఆ లెక్కన 4 హెచ్‌పీ అంటే దాదాపు 3,000 వాట్లు, ఇళ్లలో మామూలుగా ఉండే 2,000 వాట్ల గీజరు కంటే ఎక్కువ! నిలకడగా ఎంత లాగుతుందో చెప్పేది ‘కంటిన్యువస్’ హెచ్‌పీ. మాదానికి అది 2 మాత్రమే, అదీ మాన్యువల్ లోపలి పేజీలో రాశారు.

రెండేళ్లు ఏ ఇబ్బందీ లేదు. మూడో వేసవిలో కాలు మోపగానే బెల్టు ఒక్క క్షణం పట్టేసినట్టు అయ్యేది. తర్వాత ఎర్రర్ చూపించి ఆగిపోవడం మొదలైంది. మొదట వచ్చిన మెకానిక్ మోటారు మార్చాలన్నాడు. రెండో అతను క్లాంప్ మీటర్ పెట్టి కరెంటు చూశాడు. బెల్టు కింద చెయ్యి పెట్టి, ‘పూర్తిగా ఎండిపోయింది సార్’ అన్నాడు. కొన్నప్పుడు షాపులో మాత్రం మెయింటెనెన్స్ ఏమీ ఉండదన్నారు.

అసలు సంగతి ఇదీ. బెల్టుకీ కింది చెక్కకీ మధ్య సిలికాన్ ఆయిల్ ఆరిపోతే రాపిడి పెరుగుతుంది. మోటారు ఎక్కువ కరెంటు లాగుతుంది. ఆ కరెంటంతా కంట్రోల్ బోర్డు (మోటారు వేగాన్ని నడిపే ఎలక్ట్రానిక్ సర్క్యూట్) గుండానే పోవాలి కాబట్టి ముందు కాలేది అదే, మాదీ అలాగే పోయింది. ఇంకో విచిత్రం, నా పరుగు కంటే మా నాన్నగారి నెమ్మది నడకే దానికి భారం. వేగం తక్కువైతే అడుగు బెల్టు మీద ఎక్కువసేపు ఒత్తి ఉంటుంది. మోటారు ఇరుసుకే బిగించిన ఫ్యాను కూడా మెల్లగా తిరుగుతుంది, వేడి బయటికి పోదు.

ఇప్పుడు ప్లగ్ తీసి, బెల్టు అంచు ఎత్తి, అడుగులు పడే చోట సిలికాన్ ఆయిల్ వేస్తున్నాను. కొబ్బరినూనె మాత్రం వద్దు, దుమ్ము పట్టి జిగురు కడుతుంది. బెల్టు జారుతోందని వెనక బోల్టులు బిగించుకుంటూ పోయినా (మా అపార్ట్‌మెంట్ జిమ్‌లో జరిగేది అదే) రోలర్ బేరింగులు అరిగిపోతాయి. పావు తిప్పు, అదీ రెండువైపులా సమానంగా, చాలు.

హ్యాండిల్ మీది పల్స్ సెన్సర్లు చెమటకు ఎప్పుడో చెడిపోయాయి. వాటితో పని లేదు.

బోర్డుకు పెట్టిన డబ్బుతో పదేళ్లకు సరిపడా ఆయిల్ వచ్చేది. మోటారుకు ఐదేళ్ల వారంటీ అని గొప్పగా చెప్పారు, అది ఈనాటికీ చెడలేదు. బోర్డుకు ఇచ్చింది ఏడాదే. కొనేవాళ్లు ముందు ఆ రెండో అంకె, అంటే బోర్డు వారంటీ, అడగండి.