డ్యూపాంట్ల తుపాకిమందు మిల్లులు: విల్మింగ్టన్ వెళ్తే ఏది చూడాలి

న్యూజెర్సీ, ఫిలడెల్ఫియా వైపు ఉండే మనవాళ్లు డెలావేర్ రాష్ట్రంలోని విల్మింగ్టన్ దారి పట్టేది రెండింటి కోసమే. ఒకటి సేల్స్ టాక్స్ లేని షాపింగ్, రెండోది ఆ పక్కనే ఉన్న లాంగ్‌వుడ్ గార్డెన్స్. మా ఇంట్లోనూ ఓట్లన్నీ గార్డెన్స్‌కే పడ్డాయి. నేను పట్టుబట్టి అందరినీ ముందు హాగ్లీ మ్యూజియానికి, అంటే డ్యూపాంట్ కంపెనీ పాత తుపాకిమందు మిల్లులున్న చోటికి, తీసుకెళ్లాను. ఆ తోట వేయించిన పియర్ డ్యూపాంట్ తండ్రి లామాట్ కథ అక్కడిదే కదా.

హాగ్లీ అంటే అద్దాల బీరువాలు కాదు. బ్రాండీవైన్ వాగు వెంట 235 ఎకరాల అడవి, అందులో రాతి మిల్లులు. లామాట్ తాత ఇరెనే 1802లో పెట్టిన ఈ ఫ్యాక్టరీ 1921 వరకు నడిచింది. ఒక్కోటి ఎనిమిది టన్నులుండే ఇనుప చక్రాల జోడీని ఇప్పటికీ నీటి బలంతో తిప్పి చూపిస్తారు. సురేకారం (పొటాషియం నైట్రేట్), గంధకం, బొగ్గు కలిపి నూరింది వాటికిందే. దీపావళికి ఇంట్లో చిచ్చుబుడ్లు కూరినవాళ్లకు ఈ సరుకు కొత్తేమీ కాదు.

సింగరేణి గనుల్లో షాట్‌ఫైరర్‌గా, అంటే మందు పెట్టి బొగ్గు పేల్చే పనిలో, చేసి రిటైరైన మా బాబాయి చక్రాలను వదిలేసి గోడల దగ్గరే నిలబడిపోయాడు. మూడు వైపులా బలిసిన రాతి గోడలు, పైన తేలికపాటి కప్పు, వాగు వైపు తెరిపి. "పేలుతదని ముందే లెక్కేసుకుని కట్టిండ్రు రా" అన్నాడు. నిజమే. పేలితే మంటంతా నీళ్ల మీదికి పోవాలి, పక్క మిల్లుకు తగలకూడదు. పనివాళ్లలో ఎవరైనా అలా పోతే "వాగు దాటాడు" అనేవారట.

లామాట్‌ది గుమ్మం దగ్గర కూర్చునే షావుకారు తత్వం కాదు. 1849లో పెన్సిల్వేనియా యూనివర్సిటీలో చదువు ముగించుకుని వచ్చిన కెమిస్ట్. 1857లో ఖరీదైన భారతీయ సురేకారం బదులు, దక్షిణ అమెరికా నుంచి చవగ్గా వచ్చే సోడియం నైట్రేట్‌తో గనులకు పనికొచ్చే మందు తయారుచేసి పేటెంట్ తీసుకున్నాడు. తుపాకులకు మాత్రం సురేకారమే కావాలి, అదేమో బ్రిటిష్‌వాళ్ల చేతిలో ఉంది. అమెరికా అంతర్యుద్ధం మొదలయ్యాక, 1861లో ప్రభుత్వం తరఫున లండన్ వెళ్లి దొరికినంతా కొనేశాడు. ఇంతలో ట్రెంట్ అనే బ్రిటిష్ ఓడను అమెరికా నౌకాదళం ఆపి, అందులోని దక్షిణాది రాయబారులను పట్టుకున్న గొడవ వచ్చి సరుకు కదలకుండా బ్రిటన్ ఆపేసింది. గొడవ సర్దుకున్నాకే విడుదలైంది. మన దేశపు మట్టిలోంచి తీసిన ఉప్పు కోసం ఇంత రాజకీయం!

కొండ మీద ఎలుథీరియన్ మిల్స్ అనే ఇల్లుంది. షటిల్ బస్సులో తీసుకెళ్తారు. వెళ్లేటప్పుడు బస్సు ఎక్కి, మోకాళ్లు సహకరిస్తే వచ్చేటప్పుడు వాగు వెంట నడవండి. ఇంటి సామాను కంటే నాకు నచ్చింది ఆ ఇంటి చోటు. యజమానులు మిల్లుల నెత్తిమీదే కాపురం పెట్టారు. 1890లో జరిగిన పేలుడుకు ఆ ఇల్లు కూడా దెబ్బతింది. కంపెనీని దాదాపు నలభై ఏళ్లు ఏలిన లామాట్ చిన్నాన్న హెన్రీకి డైనమైట్ అంటే మొదట్లో గిట్టేది కాదు. లామాట్ 1880లో డెలావేర్ నది అవతల, న్యూజెర్సీలో డైనమైట్ తయారీకే రెపానో కంపెనీ మొదలుపెట్టాడు. 1884 మార్చిలో అక్కడే నైట్రోగ్లిజరిన్ పేలి చనిపోయాడు. పెద్దకొడుకు పియర్‌కి అప్పుడు పద్నాలుగేళ్లు.

బస సంగతి. ఊరి మధ్యలో 1913 నాటి హోటల్ డ్యూపాంట్ ఉంది. పెళ్లిరోజు లాంటిది ఉంటే సరే, పిల్లాపాపలతో మాకు అంత అక్కర్లేదనిపించి లాబీ చూసి వచ్చేశాం. హైవే పక్క మోటల్ తీసుకుంటే అక్కడ ఏసీ రాత్రంతా గరగర, ఫిర్యాదు చేద్దామంటే రిసెప్షన్‌లో మనిషి లేడు. తక్కువ రేటు చూసి బుక్ చేసేముందు ఈమధ్య వచ్చిన రివ్యూలు చదవండి. తిండికి టెన్షన్ పడకుండా పులిహోర, పెరుగన్నం కట్టుకెళ్లాం.

అదే కుటుంబానికి చెందిన ఆల్‌ఫ్రెడ్ కట్టించిన నెమూర్స్ ఎస్టేట్ కూడా దగ్గర్లోనే ఉంది. ఫొటోలకు బాగుంటుంది కానీ రాజభవనాలు ఇదివరకే చూసినవాళ్లు వదిలేయొచ్చు. లాంగ్‌వుడ్‌ని హాగ్లీతో ఒకే రోజు కలపొద్దు, రెండూ సగం సగమే అవుతాయి. చిన్నపిల్లలుంటే వాగు పక్క కంచె లేని చోట్ల చెయ్యి వదలకండి.