వైట్ పాకెట్ ఇసుకలో మా పికప్‌కి జ్వరం

ఫీనిక్స్ చుట్టుపక్కల ఉండే తెలుగువాళ్ళం ఊరి నుంచి చుట్టాలు దిగగానే ఆరిజోనా ఉత్తరాన ఉన్న పేజ్ ఊరికి తీసుకెళ్ళి హార్స్‌షూ బెండ్, యాంటిలోప్ కాన్యన్ చూపించేస్తాం. నాలుగుసార్లు అదే అయ్యాక, ఈసారి అక్టోబర్‌లో మా బావమరిది వస్తే ఏదైనా కొత్తది చూద్దామని, ఆ ఉత్తరానే ఇసుక దారుల లోపల వింత చారల రాళ్ళుండే వైట్ పాకెట్ పెట్టుకున్నాం. అక్కడికి దగ్గర్లోనే అలల్లాంటి రాళ్ళతో ఉన్న ద వేవ్‌కి రోజుకి 64 మందినే పంపుతారు, అదీ లాటరీలో. నాకు ఎప్పుడూ తగల్లేదు. వైట్ పాకెట్‌కి పర్మిట్ అక్కర్లేదు. అక్కర్లేకపోవడానికి కారణం రోడ్డే అని తర్వాత అర్థమైంది.

మొదటి రాత్రి కానాబ్‌లో ఒక పాత మోటెల్‌లో దిగాం. గది శుభ్రంగా ఉంది, పార్కింగ్ గది ముందే, సామాను ఎక్కించుకోవడం తేలిక. ఒక్కటి గుర్తుపెట్టుకోండి, కానాబ్ యూటాలో ఉంది, అక్కడ వేసవి టైము నడుస్తుంది, మన ఆరిజోనాలో నడవదు, అంటే మనకంటే గంట ముందు. అది మర్చిపోయి బ్రేక్‌ఫాస్ట్ పోగొట్టుకున్నాం, ఇంటి నుంచి తెచ్చుకున్న పులిహోరే దిక్కయింది.

హైవే 89 నుంచి హౌస్ రాక్ వ్యాలీ రోడ్డు మట్టి రోడ్డు, పొడిగా ఉంటే పర్లేదు, వాన పడితే బంకమన్ను, అసలు దిగొద్దు. దాని మీంచి పక్కకి తిరిగాక 15 మైళ్ళ పైచిలుకు ఇసుక బండిబాట. నేను చేసిన తప్పులన్నీ అక్కడే. టైర్లలో గాలి 35 పీఎస్‌ఐ అలాగే ఉంచేశాను, కంప్రెసర్ వెనకాలే ఉన్నా దిగి గాలి తీయడానికి బద్ధకం. ‘ఫోర్ హై’లో (నాలుగు చక్రాలూ మామూలు వేగంతో లాగేది) పెట్టి, గేరు డ్రైవ్‌లో వదిలేసి, బండి ఆగబోతున్నట్టు అనిపించినప్పుడల్లా యాక్సిలరేటర్ తొక్కడమే. ఆరేడు మైళ్ళు పోయాక డాష్‌బోర్డు మీద ట్రాన్స్‌మిషన్ (గేర్‌బాక్సు) ఆయిల్ వేడెక్కిందని లైటు వెలిగింది, కిటికీ దించగానే మాడిన నూనె వాసన.

"బావా, ముందు ఇంజిన్ ఆపెయ్ బావా" అని మావాడు కంగారు. నేనూ ఆపబోయాను, కానీ మాన్యువల్‌లో ఎప్పుడో చదివింది గుర్తొచ్చింది. ఆపకూడదు. ట్రాన్స్‌మిషన్ నూనెని తిప్పే పంపు ఇంజిన్‌తోనే నడుస్తుంది, ఇంజిన్ ఆగితే నూనె, దాన్ని చల్లార్చే కూలర్‌కి వెళ్ళదు, వేడి ఉన్నచోటే ఉండిపోతుంది. పార్క్‌లో పెట్టి, ఏసీ ఆపి, ఇంజిన్ ఊరికే తిరగనిచ్చాం. గ్లవ్ బాక్సులో ఏడాదిగా పడున్న బ్లూటూత్ ఓబీడీ డాంగిల్ (బండి లోపలి అంకెల్ని ఫోన్‌కి పంపే చిన్న ప్లగ్గు) అప్పుడు తీసి బండికి పెట్టాను. ఫోన్‌లో నూనె వేడి 248 ఫారెన్‌హీట్. మామూలుగా మా బండికి 200 దాటదు. ఇద్దరం తుమ్మచెట్టు నీడ కూడా లేని ఆ ఇసుకలో నిలబడి, స్కోరుబోర్డు చూసినట్టు ఆ అంకె చూస్తూ ఉండిపోయాం. 240, 231, 222... 190కి రావడానికి అరగంట పట్టింది. అక్కడ సిగ్నల్ లేదు. అంత లోపలికి టోయింగ్ పిలిస్తే వెయ్యి డాలర్లు దాటడం మామూలేనని కానాబ్‌లో విన్న మాట చెవుల్లో తిరుగుతూనే ఉంది.

అసలు జరిగేది ఇదీ. ఆటోమేటిక్‌లో ఇంజిన్‌కీ గేర్‌బాక్సుకీ మధ్య టార్క్ కన్వర్టర్ ఉంటుంది, నెమ్మదిగా వెళ్ళేటప్పుడు శక్తి అందేది అందులోని నూనె ద్వారానే. ఇంజిన్ గట్టిగా తిరుగుతూ చక్రాలు నెమ్మదిగా కదులుతుంటే ఆ తేడా అంతా కవ్వంతో చిలికినట్టు నూనెని చిలికి వేడి చేస్తుంది. పైగా వేగం లేదు కాబట్టి కూలర్‌కి గాలి ఆడదు. హైవే మీద 80లో పోయినా ఏమీ కాని బండి, ఇసుకలో 10 మైళ్ళ వేగంతో ఉడికిపోయేది ఇందుకే.

తర్వాత గాలి 18కి దించాను. టైరు చపాతీలా పరుచుకుంది, అదే బండి అదే ఇసుకలో తేలినట్టు వెళ్ళింది. న్యూట్రల్ వేసి ‘ఫోర్ లో’కి (నాలుగు చక్రాలూ నెమ్మదిగా, ఎక్కువ బలంతో లాగేది) మార్చి, గేరు చేత్తో రెండులోనే ఉంచాను, పైకీ కిందకీ మారుతూ వెతుక్కోకుండా. అంకె 220 దాటితే గట్టి నేల చూసి ఆగడం. మిగతా దారంతా ఒకే ఒక్కసారి ఆగాల్సొచ్చింది.

వైట్ పాకెట్ గురించి ఎంత చెప్పినా తక్కువే. తెల్లటి రాయి మీద పగుళ్ళు చూస్తే డాబా మీద పంచె పరిచి ఆరబెట్టిన వడియాలు గుర్తొచ్చాయి, పక్కనే ఎర్ర చారలు మెలికలు తిరిగి. యాంటిలోప్ కంటే నాకు ఇదే నచ్చింది, తోసుకునే జనం లేరు. కానీ ఫోర్ వీల్ డ్రైవ్ లేకపోతే, లేదా అమ్మానాన్నలు వెంట ఉంటే, కానాబ్ నుంచి గైడెడ్ టూర్ తీసుకోండి. మాకు చెప్పిన రేటు మనిషికి 200 డాలర్ల పైనే, అప్పుడు దండగ అనిపించింది, ఇప్పుడు అనిపించట్లేదు. సొంతంగా వెళ్తే పొద్దున్నే వెళ్ళండి, మధ్యాహ్నానికి ఇసుక ఎండి ఇంకా వదులవుతుంది. హౌస్ రాక్ రోడ్డు మీద స్టేట్‌లైన్ క్యాంప్‌గ్రౌండ్ ఉంది, డబ్బులు కట్టక్కర్లేదు, నీళ్ళు మాత్రం మీవే. పొద్దున్నే ఇసుకలో దిగాలంటే అదే మేలు. రెండో రాత్రి పేజ్‌లో దిగిన హోటల్‌కి కానాబ్ కంటే రెట్టింపు ఇచ్చాం, గది దానికంటే బాగేమీ లేదు.

ఇంటికొచ్చాక ఒక పెద్ద సర్వీస్ సెంటర్‌లో చూపిస్తే, నూనె తీసి చూడకుండానే ట్రాన్స్‌మిషన్ మార్చాలన్నారు. ఇంటి దగ్గర చిన్న షాపులో మెకానిక్ నూనె తీసి టిష్యూ మీద రెండు చుక్కలు వేసి చూపించాడు. దానిమ్మ రసంలా ఎర్రగా ఉండాల్సింది డికాషన్ రంగుకొచ్చింది. లోహం రజను లేదు కాబట్టి నూనె, ఫిల్టర్ మార్చి పంపాడు. కూలర్ రెక్కల్లో ఇరుక్కున్న మట్టీ గడ్డీ కూడా అతనే కడిగాడు, అది నాకు తట్టనే లేదు. ఆర్నెల్లయింది, బండి బానే ఉంది. డాంగిల్ మాత్రం ఇప్పుడు గ్లవ్ బాక్సులో ఉండట్లేదు.