కరివేపాకు కూలి: ఓల్డ్ స్కూల్ రూన్‌స్కేప్‌తో నాలుగేళ్లు

నాగోలులో మెట్రో ఎక్కితే రాయదుర్గంలో దిగేదాకా దాదాపు గంట. 2021 చివరి నుంచి ఆ గంటలో ఎక్కువ భాగం నేను ఫోనులో ఓల్డ్ స్కూల్ రూన్‌స్కేప్ ఆడుతున్నాను. వారం ఆడి తీర్పు చెప్పడానికి వీలైన ఆట కాదిది. మొదటి వారం ఎవరికైనా విసుగే. నేనూ రెండుసార్లు ఫోనులోంచి తీసేశాను. మూడోసారి నిలబడ్డాను కాబట్టి ఇది రాస్తున్నాను.

బ్రిటన్‌లోని కేంబ్రిడ్జ్‌లో ఉన్న జాగెక్స్ సంస్థ 2001లో రూన్‌స్కేప్ అనే ఆన్‌లైన్ ఆటను విడుదల చేసింది. ఏళ్లు గడిచే కొద్దీ ఆట బాగా మారిపోయింది. పాతదే కావాలని ఆటగాళ్లు పట్టుబట్టడంతో, 2007 ఆగస్టు నాటి ప్రతిని బయటికి తీసి 2013 ఫిబ్రవరిలో ‘ఓల్డ్ స్కూల్’ పేరుతో మళ్లీ తెరిచారు. 2018 అక్టోబరు 30న అది ఫోనులోకి వచ్చింది. కంప్యూటర్‌లో ఆడినా ఫోనులో ఆడినా ఒకే లోకం, ఒకే అకౌంటు. బొమ్మలు మొరటుగా ఉంటాయి, మనుషుల ముఖాలు పలకల్లా ఉంటాయి. నాకిప్పుడు ఆ ముఖాలే ఇష్టం.

మీరు ఎవరు, ఏం చేయాలి అన్నది ఆట చెప్పదు. కోట వంటవాడు ప్రభువు పుట్టినరోజుకు కేకు చేయాలంటూ కంగారుగా కనిపిస్తాడు. ఒక గుడ్డు, పాలు, పిండి తెచ్చిపెట్టడమే చాలామందికి మొదటి పని. పిండి దుకాణంలో కొనుక్కుంటే సరిపోతుందని అనుకున్నాను. కానీ ఆట నన్ను చేలోకి పంపింది. గోధుమలు కోసి, మిల్లు పైఅంతస్తుకు ఎక్కి తొట్టిలో పోసి, మీట తిప్పి, కిందికి దిగి కుండలోకి పిండి ఎత్తుకున్నాను. పాలకు ఆవు దగ్గరికే వెళ్లాను. ప్రతి వస్తువు వెనకా ఒక పని, ఆ పని వెనకా కొంత సమయం ఉంటాయని ఆట మొదటి గంటలోనే చూపించింది. నాలుగేళ్లుగా నన్ను పట్టి ఉంచింది ఆ సంగతే.

నా తొలి సంపాదన లాబ్‌స్టర్లు, అంటే పెద్ద సముద్రపు రొయ్యలు. వాటిని పట్టాలంటే చేపల వేటలో 40వ లెవెల్ రావాలి. ఆటలోని పోర్ట్ సారిమ్ రేవులో 30 నాణేలిచ్చి పడవెక్కి కరామ్జా దీవికి పోవాలి. మొదటిసారి వెళ్లినప్పుడు తిరుగు ప్రయాణానికి నా దగ్గర చిల్లి నాణెం లేదు. దీవిలో అరటితోట ఉంది. పది గెలలు కాదు, పది పండ్లు కోసి పెట్టె నింపితే తోట యజమాని 30 నాణేలు ఇస్తాడు, అంటే సరిగ్గా పడవ కూలి! ఎవరో కూర్చుని ఈ లెక్క ఆలోచించారన్నమాట. మెట్రోలో ఉప్పల్ దాటుతుండగా ఆ పెట్టె నింపిన ఉదయం నాకింకా గుర్తుంది.

సంచిలో 28 గడులు. వాటిని పట్టే బోనుకు ఒకటి, నాణేలకు ఒకటి పోగా 26 లాబ్‌స్టర్లు పడతాయి. నిండగానే పడవెక్కడం, రేవులోని పెట్టెలో దాచుకోవడం, మళ్లీ రావడం. వండడంలో 40వ లెవెల్‌లో చాలా మాడిపోతాయి. మాడకుండా వండాలంటే 74 దాకా ఎదగాలి. మృగశిర కార్తె నాడు రాంనగర్ చేపల మార్కెట్‌లో నిలబడి బేరం చేసినవారికి ఇక్కడి ఆనందం అర్థమవుతుంది. పట్టినవాడు ఒకడు, వండినవాడు ఒకడు, తినేవాడు మరొకడు.

ఆ మూడో మనిషి నిజంగానే ఉంటాడు. వారాక్ నగరంలో గ్రాండ్ ఎక్స్ఛేంజ్ అనే పెద్ద బజారు ఉంది. మీ సరుకు, మీ ధర రాసిపెడితే, ఆ ధరకు కొనేవాడు ప్రపంచంలో ఎక్కడున్నా లావాదేవీ జరిగిపోతుంది. ధరలు నిర్ణయించేది ఆటగాళ్లే. ఎక్కడో ఒకడు రాక్షసుడితో పోరాడుతూ తింటున్న చేప నేను రసూల్‌పురా, పారడైజ్ స్టేషన్ల మధ్య పట్టింది కావచ్చు. అమ్మకంలో 2 శాతం పన్ను పోతుంది. సరుకు ఎక్కువై ధరలు పడిపోకుండా, ఆ పన్ను డబ్బుతో కొన్ని వస్తువులను కొని లోకంలోంచి తొలగిస్తారు. నేను లెక్కల పని చేసే మనిషిని. ఈ బజారును చూస్తూనే కొన్ని సాయంత్రాలు గడిచిపోయాయి.

ఒక దెబ్బ కూడా తిన్నాను. ఆడుతూ పరిచయమైన ఒకతను నెల రోజులు మర్యాదగా మాట్లాడాడు. నా ఇనుప ఖనిజమంతా ఇస్తే కవచాలు చేసి తెచ్చిస్తానన్నాడు. మార్పిడికి ముందు ‘ఒప్పుకుంటున్నారా’ అని ఆట రెండు తెరల మీద రెండుసార్లు అడుగుతుంది. రెండుసార్లూ ఒప్పుకున్నాను. అతను మళ్లీ కనిపించలేదు. పోయింది బొమ్మ ఖనిజమే కదా అని ఇంట్లోవాళ్లు అన్నారు. నాకు మాత్రం రెండు నెలల ఉదయాలు పోయినట్టే అనిపించింది. కొత్తగా మొదలుపెట్టేవారు అపరిచితులకు ఒక్క వస్తువు కూడా నమ్మి ఇవ్వకండి.

డబ్బు సంగతి కొంత వివరంగా చెప్పాలి, ఎందుకంటే ఇంట్లో పెద్దలు మొదట అడిగేది అదే. తెలంగాణలో పందెం డబ్బుతో ఆడే ఆన్‌లైన్ ఆటలను 2017లోనే చట్టం నిషేధించింది. ఇది ఆ కోవలోది కాదు. ఇక్కడి నాణేలను అసలు డబ్బుగా మార్చుకోవడం ఆట నియమాలకే విరుద్ధం. లోకంలో కొంత భాగం ఉచితం. వ్యవసాయం, ఇల్లు కట్టుకోవడం వంటివి, పటంలో పెద్ద భాగం సభ్యత్వం ఉన్నవారికే. సభ్యత్వాన్ని డబ్బు పెట్టి కొనవచ్చు, లేదా ఆటలోని నాణేలతో ‘బాండ్’ కొంటే 14 రోజులు వస్తుంది. కనీసం రెండు నెలలు ఉచిత భాగంలోనే ఉండండి. అది నచ్చకపోతే మిగతాదీ నచ్చదు.

ఫోనులో ఎలా నడుస్తుంది? నా అనుభవంలో బాగానే. ఆట గడియారం 0.6 సెకన్లకు ఒకసారి కొట్టుకుంటుంది, మన ప్రతి పనీ ఆ దెబ్బ మీదే జరుగుతుంది. అందువల్ల హైదరాబాద్‌లో కూర్చుని బ్రిటన్, జర్మనీ సర్వర్లలో ఆడినా ఆలస్యం పెద్దగా తెలియదు. చేపల వేట, చెట్లు నరకడం వంటి పనులకు ఆ కాస్త తేడా లెక్కలోనిదే కాదు. కష్టమైన పోరాటాలు మాత్రం రైల్లో పెట్టుకోకండి. సిగ్నల్ తెగితే చచ్చేది మీరే. తెర అమరిక కంప్యూటర్, మౌస్ కోసం పుట్టినది కాబట్టి అక్షరాలు చిన్నవి. నలభై దాటిన నా కళ్లకు చత్వారం అద్దాలు తప్పనిసరి. తెలుగు లేదు, అంతా ఇంగ్లిషే.

దీనిలోని అసలు ప్రమాదం నిదానం. ఒక నైపుణ్యంలో 99వ లెవెల్ చేరడానికి 1,30,34,431 పాయింట్లు కావాలి. 92వ లెవెల్ వచ్చినప్పుడు గట్టు దగ్గరపడిందనుకుంటాం, నిజానికి అప్పటికి అయింది సగమే. చిన్న మోతాదుల్లో ఆడుతున్నట్టే ఉంటుంది, రాత్రి పదకొండు దాటుతుంది. నేను ఒక నియమం పెట్టుకున్నాను: రైలు దిగితే ఆట ఆపేయాలి. దానికి ఒక్క మినహాయింపు ఇచ్చాను, అది మా నాన్న కోసం.

నాన్న నల్గొండ దగ్గర సేద్యం చేసి, మోకాళ్లు సహకరించక మా దగ్గరికి వచ్చేశారు. ఒక ఆదివారం నేను ఆటలో మడి శుభ్రం చేస్తుంటే పక్కన కూర్చుని చూశారు. దంతెతో కలుపు లాగడం, ఎరువు వేయడం, మూడు బంగాళాదుంప విత్తనాలు నాటడం. “పక్కన ఆ పూలెందుకమ్మా?” అన్నారు. బంతిపూలు నాన్నా, అవి ఉంటే దుంపలకు, టమాటాలకు తెగులు రాదట అన్నాను. ఆయన కాసేపు మాట్లాడలేదు. తర్వాత, “టమాటాలో బంతి వేస్తే కాయతొలిచే పురుగు దాని మీదికి పోతుంది. మేమూ వేసేవాళ్లం” అన్నారు.

అప్పటి నుంచి మళ్లు ఆయనవే. మనం ఆటలో లేకపోయినా పంట పెరుగుతూనే ఉంటుంది. బంగాళాదుంపకు 40 నిమిషాలు, మూలికలకు 80, ఓక్ చెట్టుకు మూడు గంటల పైచిలుకు. కాఫీ తాగాక ఒకసారి, భోజనం అయ్యాక ఒకసారి చూసుకుంటారు. ఇంగ్లిషు చదవలేరు, కానీ తెగులు సోకిన ఆకు రంగు నాకంటే ముందు ఆయనే కనిపెడతారు. మడి పక్కన కాపలా రైతు ఉంటాడు. కూలి ఇస్తే పంట చావకుండా చూస్తాడు, ఆ కూలి కూడా పంటగానే తీసుకుంటాడు. ఓక్ చెట్టుకు ఒక బుట్ట టమాటాలు.

2025 నవంబరులో నౌకాయానం అనే కొత్త నైపుణ్యం వచ్చింది. ఈ ఆటలో పెద్ద మార్పు దేనికైనా ఆటగాళ్ల ఓట్లలో 70 శాతం దక్కాలి. నేనూ ఓటేశాను. ఓడ కట్టుకుని సముద్రంలోకి వెళ్లాలని ఉంది, కానీ ప్రస్తుతం మా అకౌంటులో ఆ తీరిక లేదు. వ్యవసాయంలో 47వ లెవెల్ దాటగానే నాన్న పుచ్చకాయలు వేయాలనుకున్నారు. కాపలా రైతు కూలి ఎంతో నన్ను చదివి చెప్పమన్నారు.

“పది కరివేపాకులు నాన్నా.”

“రెబ్బలా, ఆకులా?”

“ఆకులే.”

మరుసటి రోజు నేను ఆఫీసు నుంచి వచ్చేసరికి బజారులో కరివేపాకు ఎలా కొనాలో మా అబ్బాయి చేత చూపించుకుని, పది కొని, విత్తనాలు నాటి, రైతుకు ఇచ్చేసి కూర్చున్నారు. కాయలు కోతకు రావడానికి ఇంకా ఇరవై నిమిషాలుంది, ఈలోపు భోజనం చేసేద్దామన్నారు.