గంటస్తంభం దగ్గరి రాఖీల కొట్టు: బిళ్లలు ఘనం, దారం పలచన

విజయనగరంలో గంటస్తంభం దగ్గరి ఒక సందులో ఉన్న ఫ్యాన్సీ కొట్టు, శ్రావణమాసం రాగానే సగానికి సగం రాఖీల కొట్టుగా మారిపోతుంది. 2025లో వరలక్ష్మీ వ్రతం ఆగస్టు 8న, రాఖీ పౌర్ణమి ఆ మర్నాడే రావడంతో, తోరాలకు దారపు ఉండలు కొనేవారూ రాఖీలు కొనేవారూ ఒకే బల్ల దగ్గర తోసుకుంటున్న సాయంత్రం నేను అక్కడికి వెళ్లాను.

మా పెద్దవాళ్లు ఈ రోజును ఇప్పటికీ జంధ్యాల పౌర్ణమి అనే అంటారు. ఉత్తరాది నుంచి వచ్చిన రాఖీ, నా చిన్ననాటికి బడిపిల్లల పండుగగా స్థిరపడింది. అప్పటి రాఖీ అంటే అరచేయంత స్పాంజి పువ్వు, చుట్టూ జరీ తళుకులు, నడుమ బంగారు రంగు ప్లాస్టిక్ ఓంకారం. ఎన్ని ఉంటే అంత గొప్ప గనుక మగపిల్లలు మోచేతి దాకా కట్టించుకునేవారు. ఆ స్పాంజి రాఖీ ఈ కొట్టులో ఒక్కటైనా కనిపించలేదు. దాని చోటును రుద్రాక్షలు, రాళ్లు పొదిగిన బిళ్లలు, దిష్టి కన్నులు, వెండి రాఖీలు, మట్టిలో నాటుకొమ్మని విత్తనాలు పెట్టిన రాఖీలు ఆక్రమించాయి. మార్వాడీలు వదినల గాజుకు కట్టే లుంబా కూడా ఇప్పుడు జంట రాఖీల పెట్టెలో మనవాళ్ల ఇళ్లకు చేరుతోంది. మా అమ్మాయి మేనమామ కొడుక్కీ ఒకటి తీసుకుంటానంటే, బావకు రాఖీ ఏమిటని మా అత్తగారు నవ్వారు.

ఎంపికకు లోటు లేదు. నా ఫిర్యాదంతా దారం మీదనే. బిళ్ల బరువెక్కినకొద్దీ దారం సన్నబడి, చివరకు జారిపోయే నైలాను పోగుగా మిగిలింది. నూట ఎనభై రూపాయలు పెట్టి కొన్న రాళ్ల రాఖీని తిరగేసి చూస్తే బిళ్లను పట్టి ఉంచినది ఒక జిగురు చుక్క మాత్రమే. రాఖీ కట్టేది కుడిచేతికే, అన్నం కలిపేదీ ఆ చేత్తోనే. మా తమ్ముడు భోజనానికి చేయి కడుక్కునేసరికి ఆ బిళ్ల ఊడి పళ్లెం పక్కన పడింది. పిల్లల కోసం పెట్టిన లైట్ల రాఖీలు నాకు అసలే నచ్చలేదు. వాటిలోని గుండీ బ్యాటరీ మూత గోటితో లాగితే వచ్చేస్తోంది; పసివాళ్లు దాన్ని మింగితే ప్రాణానికే ముప్పు.

అడిగి దింపించిన ఒక అట్టపెట్టెలో మాత్రం ఎరుపు, పసుపు పోగులను కలిపి పేని, రెండు కొసలా కుచ్చులు వదిలిన రాఖీలు పదిహేను రూపాయలకే దొరికాయి. “పాత సరుకమ్మా, ఇప్పుడెవులు కడతారు?” అన్నాడు కొట్టాయన. మా అబ్బాయి చేతికి కట్టినది అయిదో రోజుకు కాస్త వెలిసింది గానీ ముడి సడలలేదు. వాలుగ చేప దవడతో దూదిని ఏకి సన్ననూలు వడికే పొందూరు ఇంత దగ్గరలో ఉండగా, ఆ నూలుతో చేసిన రాఖీ ఒక్కటీ ఇక్కడ లేకపోవడం నాకు వింతగా తోచింది.

ఊడిన బిళ్ల రాఖీని తిరిగి తీసుకోలేదు. పండుగ సరుకుకు మార్పిడి లేదని గోడ మీద రాసే ఉంది. మధ్యాహ్నం ఒంటిగంట దాటాక వెళ్తే, పై అరలోని పెట్టె దింపే ఓపిక ఆయనకూ, పోగు లాగి చూసుకునే తీరిక మనకూ ఉంటాయి.