కిరండూల్ పాసింజరుతో 22 ఏళ్ళు

2001లో నాకు ఎస్.కోట (శృంగవరపుకోట) దగ్గర ఒక హైస్కూలుకి బదిలీ అయింది. పిల్లల చదువుల కోసం ఇల్లు విశాఖలోనే ఉంచాం. 2023లో రిటైరయ్యేదాకా పొద్దున్న పూట నన్ను బడికి చేర్చింది, విశాఖ నుంచి అరకు మీదుగా ఛత్తీస్‌గఢ్‌లోని కిరండూల్ దాకా వెళ్ళే కిరండూల్ పాసింజరే. సాయంత్రం తిరుగుబండి కోసం కూర్చుంటే ఇంటికొచ్చేసరికి రాత్రవుతుంది, అందుకని బస్సు. శనివారం ఒంటిపూట బడి అయినా సరే, తీరిక ఉంటే ఆ తిరుగుబండికోసమే ఆగేవాణ్ణి. అరకు చూడ్డానికి ఒకసారి ఎక్కినవాళ్ళు ఈ బండి గురించి చాలా రాశారు. రోజూ ఎక్కినవాడి అనుభవం ఇది.

మొదటి పదేళ్ళు ఈ బండిని మించింది లేదు. సీజన్ టికెట్టు బస్సు ఖర్చులో చిన్న వంతు. పరీక్ష పేపర్లు ఒళ్ళో పెట్టుకుని పెందుర్తి, కొత్తవలస దాటేలోపు ఒక సెక్షను దిద్దేసేవాణ్ణి. అరకు సంత రోజున జాలరిపేట నుంచి ఎండుచేపల గంపలతో ఆడవాళ్ళు ఎక్కేవారు. ఒకామె గంప నాకిప్పటికీ కళ్ళముందుంది. తాటాకు గంప, మీద పాత చీరముక్క బిగించి కట్టు, ఆ కట్టులో గుచ్చిన చిన్న తక్కెడ. "మాస్టారూ, కాళ్ళు కాసింత ఎత్తండి బాబూ" అని నా సీటు కిందకి తోసేసేది. దిగేసరికి నా సంచీకి కూడా నెత్తళ్ళ వాసన పట్టేది. సాయంత్రం తిరుగుబండిలో ఆ సీటు కిందే అడ్డాకుల కట్టలు, అల్లం, సీతాఫలాలు దిగి వచ్చేవి. సముద్రం పైకి వెళ్ళడం, కొండ కిందికి రావడం రెండూ ఒకే పెట్టెలో చూశాను.

ఇక ఆలస్యం సంగతి. మల్లివీడులో ఆగిందంటే ఎదురుబండి వచ్చేదాకా కదలదని పెట్టెలో అందరికీ తెలుసు. నాకు మాత్రం ఫస్ట్ బెల్ టెన్షన్. ఈ లైను అసలు వేసిందే కిరండూల్ దగ్గరి బైలదిల్లా గనుల ఇనుప ఖనిజాన్ని విశాఖ పోర్టుకి దించి జపానుకి ఎగుమతి చేయడానికి, 1960లలో. కొత్తవలస నుంచి కిరండూల్ దాకా దాదాపు 445 కిలోమీటర్లు, 50కి పైగా సొరంగాలు. సముద్రం ఒడ్డున బయల్దేరిన బండి శిమిలిగుడ చేరేసరికి 996 మీటర్ల ఎత్తుకి ఎక్కుతుంది. సింగిల్ లైను మీద బరువుతో దిగే ఖనిజం బండికి దారివ్వాలంటే పాసింజరు లూప్‌లైనులో, అంటే స్టేషన్లో పక్క పట్టా మీద, నిలబడాల్సిందే. వానాకాలం ఘాట్‌లో బండరాళ్ళు పడితే ఆ రోజుకి బండే ఉండదు.

అయినా జనం ఓర్చుకున్నారు. వాళ్ళ అలవాటు తెగిపోయింది 2020 మార్చిలో. బండ్లు ఆగిపోయాయి, సీజన్ టికెట్లు చెల్లలేదు. మళ్ళీ వచ్చినప్పుడు మా పాసింజరు 08551 నంబరుతో స్పెషల్ అయి వచ్చింది. 10 రూపాయల కనీస చార్జీ 30 అయింది. 2024 ఫిబ్రవరిలో పాత చార్జీ తిరిగొచ్చింది గానీ ఆ నాలుగేళ్ళలో జనం బస్సులకీ షేర్ ఆటోలకీ అలవాటుపడిపోయారు. పెందుర్తి దాకా బస్సులకి వేరే వరుస ఉన్న బీఆర్‌టీఎస్ రోడ్డుంది, సిటీ బస్సు ఎప్పుడంటే అప్పుడు దొరుకుతుంది. రోజుకి ఒకే ఒక్క పొద్దుటి బండికోసం ఎవరు కాసుకుని ఉంటారు? రిటైరయ్యే ఏడు మా పెట్టెలో రోజువారీ వాళ్ళం వేళ్ళమీద లెక్కపెట్టేంత మందిమి మిగిలాం. గంపలామె కనబడలేదు.

లైను పడిపోయిందనడం మాత్రం తప్పు. ఖనిజం నడుస్తూనే ఉంది, కొత్తవలస–కోరాపుట్ మధ్య రెండో లైను పనులు సాగుతున్నాయి. 2017 నుంచి అద్దాల విస్టాడోమ్ పెట్టె ఉంది. మనవరాలితో అందులో వెళ్ళాను, త్యాడ దాటాక లోయ చూసి అది గుక్క తిప్పుకోలేదు, బాగుంది. తగ్గిపోయింది ఆ లైనులో మన ఊళ్ళ వాటా. ఇంకొకటి కూడా మనసుకి కష్టంగా ఉంది. 2025 ఫిబ్రవరిలో కేంద్ర మంత్రివర్గం ఆమోదించిన ప్రకారం విశాఖ కేంద్రంగా ఉన్న వాల్తేరు రైల్వే డివిజన్ రెండైతే, కొత్తవలస దాటిన ఈ లైను ఒడిశాలోని రాయగడ డివిజన్‌కి వెళ్తుంది. అరకు బండి గురించి మనం మొరపెట్టుకోవాల్సిన ఆఫీసు కూడా దూరమైపోతుందన్నమాట.

కొత్తగా ఎక్కాలనుకునేవాళ్ళకి నా మాట. అరకుకైతే కళ్ళుమూసుకుని ఎక్కండి, విశాఖలో ఎక్కేటప్పుడు కుడివైపు కిటికీ చూసుకోండి. ఉద్యోగానికైతే దీన్ని నమ్ముకోవద్దు, ఈ మాట రాయడానికి నాకు చెయ్యి రావడం లేదు. రెండో లైను పూర్తయ్యాక విశాఖ–ఎస్.కోట మధ్య పొద్దున ఒకటి, సాయంత్రం అయిదున్నరకి ఒకటి మెమూ (కరెంటు లోకల్ బండి) వేస్తే చాలు. ఎస్.కోటలో కాలేజీ పిల్లలు, కొత్తవలసలో పనివాళ్ళు, గంపల వాళ్ళు మళ్ళీ వస్తారు. ఈ మాటే రాసి, పాత సహోద్యోగులతో సంతకాలు చేయించి అర్జీ పెట్టాను. ఇంకా జవాబు రాలేదు, వచ్చే నెల మళ్ళీ పెడతాను.