అత్తమ్మతో భువనగిరి, పుట్టపాక

మా అత్తమ్మ పుట్టింట్లో రెండు మగ్గాలుండేవి. పదహారేళ్లకు పెళ్లయి నల్లగొండ వచ్చాక ఆమె మళ్లీ నూలు పట్టలేదు. నేనేమో బడిలో డ్రాయింగ్ చెప్తాను. "టీచర్, మన దగ్గర ఆర్ట్ గ్యాలరీ ఎక్కడుంది?" అని పిల్లలు అడిగినప్పుడల్లా హైదరాబాద్ పేరే చెప్తూ వచ్చాను. మొన్న డిసెంబరులో రెండో శనివారం కలిసొచ్చింది. శుక్రవారం బడి వదలగానే ఇద్దరం బస్సెక్కాం. భువనగిరిలో రెండు రాత్రులుండి, చుట్టుపక్కల చేతిపని చేసేవాళ్ల దగ్గర కూర్చుని రావాలని అనుకున్నాం. గుడికి పోతున్నామంటే ఎవరూ ఏమీ అడగరు కానీ, బొమ్మలు, బట్టలు చూడ్డానికి పోతున్నామంటే మా ఇంట్లోనే ఆశ్చర్యపోయారు.

నల్లగొండ నుంచి చిట్యాల, రామన్నపేట, వలిగొండ మీదుగా బస్సు. ఆధార్ చూపిస్తే ఆడవాళ్లకు బస్సు ఉచితం, ఇద్దరికీ జీరో టికెట్. మూడు రోజుల్లో మా ఖర్చంతా గదికి, ఆటోలకు, తిండికే అయింది. ఆడవాళ్లు ఇద్దరు ముగ్గురు కలిసి తిరగడానికి ఇది చాలా పెద్ద వెసులుబాటు. హైదరాబాద్ వైపు నుంచి వచ్చేవాళ్లకు సికింద్రాబాద్–కాజీపేట లైన్‌లో రైళ్లున్నాయి, భువనగిరి స్టేషన్‌లో దిగొచ్చు.

మొదటి రాత్రి దిగిన లాడ్జి గురించి చెప్పాలి. ఫోన్లో వేడినీళ్లున్నాయన్నారు. తీరా వెళ్తే గీజర్ పనిచేయలేదు, డిసెంబరు చలిలో అత్తమ్మ చన్నీళ్లతోనే స్నానం చేసింది. పొద్దున బిల్లులో ఎక్స్‌ట్రా బెడ్ అని రెండు వందలు కలిపారు. మేం వాడలేదని చెప్పి, గట్టిగా నిలబడి తీయించాను. రెండో రాత్రికి ఇంకో చోటుకు మారాం. వెయ్యి రూపాయలకే శుభ్రమైన గది, అడగకుండానే బకెట్ వేడినీళ్లు తెచ్చిచ్చిన కుర్రాడు. కాబట్టి ముందే రెండు రోజులకూ డబ్బు కట్టేయకండి, ఒక రాత్రి చూసి నిర్ణయించుకోండి. చాలామంది యాదగిరిగుట్టలోనే దిగుతారు. అక్కడ గదులెక్కువే, కానీ శని, ఆదివారాలు జనం కిక్కిరిసి ఉంటారు. మాలాగా నాలుగు దిక్కులకూ తిరగాలనుకునేవాళ్లకు భువనగిరే నయం.

పొద్దున ఖిల్లా ఎక్కాను. అత్తమ్మ మోకాళ్ల వల్ల కింద చాయ్ బండి దగ్గరే కూర్చుంది. ఊరి నడుమ ఒకే ఒక్క బండరాయి, గుడ్డు బోర్లించినట్టు ఉంటుంది. చాళుక్య చక్రవర్తి ఆరవ విక్రమాదిత్యుడు, అంటే త్రిభువనమల్లుడు కట్టించిన కోట కాబట్టి త్రిభువనగిరి అయి, అదే భువనగిరి అయిందంటారు. రాతిలో తొలిచిన మెట్లు కొన్నిచోట్ల అరిగి జారుతున్నాయి, చెప్పులతో ఎక్కొద్దు. నీళ్లు కిందనుంచే తీసుకుపోవాలి. 2014లో పదమూడేళ్ల వయసులో ఎవరెస్ట్ ఎక్కిన మాలావత్ పూర్ణ తాడు పట్టడం నేర్చుకుంది ఈ బండ మీదే. మా ఆడపిల్లలకు ఈ సంగతి చెప్పాలని కొన్ని ఫొటోలు తీసుకున్నాను.

దిగి వచ్చేసరికి అత్తమ్మ చాయ్ బండి ఎదురుగా ఉన్న గోడను చూస్తోంది. సిమెంటు కంపెనీ ప్రకటన, చేత్తో రాసింది. పసుపు మీద ఎర్రటి అక్షరాలు, 'స' తలకట్టు కింద నల్లటి నీడ. రంగు సగం వెలిసిపోయినా గీత ఎక్కడా వణకలేదు. కింద మూలన చిటికెన వేలంత అక్షరాల్లో రాసినాయన పేరు, పక్కన ఆర్ట్స్ అని. చాయ్ పోసే అన్న "ఆ ఆర్టిస్టు దుకాణం సందులోనే ఉంది, పోండ్రి" అన్నాడు.

పది అడుగుల షట్టర్ గది. లోపల సగం వేసిన వినాయకుడి కన్ను, రంగు డబ్బాలు, గోడకు ఆనించిన నంబర్ ప్లేట్లు. ఆర్టిస్టుకు యాభై దాటి ఉంటాయి. నేను డ్రాయింగ్ టీచర్‌నని చెప్పగానే స్టూలు తుడిచి వేశాడు. ఫ్లెక్సీ వచ్చాక బోర్డుల పని పోయిందని, ఇప్పుడు బడిగోడల మీద బొమ్మలు, బండ్ల నంబర్లు, చవితికి విగ్రహాలు అని చెప్పాడు. ఫ్లెక్సీ మీద కోపం ఏమైనా ఉందా అని అడిగాను. "కోపమేముంది మేడం, ఫ్లెక్సీ మీద ఎవ్వల పేరూ ఉండదు. మా గోడ మీద మా పేరుంటుండె. ఊరంత తిరిగితే నాకు నేనే కనపడుతుంటి" అన్నాడు. ఒక పాత అట్టమీద బ్రష్‌తో 'అ' రాసి చూపించాడు. బ్రష్ ఎక్కడా ఎత్తకుండా, సున్నా తిప్పేటప్పుడు ఊపిరి బిగబట్టి, చివర తోక దగ్గర వదిలాడు. ఆ అట్ట నాకిచ్చాడు. ఇప్పుడది మా క్లాసులో బోర్డు పక్కన ఉంది. తెలంగాణ రాజముద్ర గీసిన ఏలె లక్ష్మణ్ గారిది కూడా ఈ ఉమ్మడి నల్లగొండ జిల్లానే అని ఆయనే గర్వంగా గుర్తుచేశాడు.

అక్కడినుంచి ఆలేరుకు బస్సు, ఆలేరు నుంచి కొలనుపాకకు ఆటో. రానుపోను, అక్కడ ఆగడానికి కలిపి ఐదు వందలకు మాట్లాడుకున్నాం. జైన మందిరం అందరికీ తెలిసిందే. రాజస్థాన్, గుజరాత్ శిల్పుల చేత బాగుచేయించారు, చాలా శుభ్రంగా ఉంటుంది. నా మనసు మాత్రం సోమేశ్వరాలయం దగ్గర ఆగింది. అక్కడి మ్యూజియంలో, ఆవరణలో చాళుక్యుల కాలం, ఆ తర్వాతి కాలం విగ్రహాలు వరసగా పెట్టారు. చేతులు విరిగిన ద్వారపాలకులు, వీరగల్లులు (పోరులో పోయిన వీరుల గుర్తు రాళ్లు), నందులు. ఒక విగ్రహం నడుముకు చెక్కిన గొలుసును వేలితో కొలిస్తే, ఒక్కో లంకె వడ్లగింజంత ఉంది. ఇంతటి చోట్లో మేం ఉన్న గంటన్నరలో మరో నలుగురే వచ్చారు. ప్రతి రాతి కింద ఏ కాలందో, ఎవరి విగ్రహమో రాసిన చీటీ ఉంటే పిల్లల్ని తెచ్చి నేనే పాఠం చెప్పుకుందును. కొన్నిటికి ఆ చీటీ లేదు. చూసే తీరిక ఉన్నవాళ్లకు కొలనుపాక సగం రోజు పెట్టదగ్గ చోటు.

సాయంత్రం యాదగిరిగుట్టకు పోయాం. దర్శనానికి రెండు గంటలు పట్టింది. 2022 మార్చి 28న తిరిగి తెరిచిన ప్రధానాలయం అంతా కృష్ణశిల. ముఖమండపంలో స్తంభాలకు నిలిపిన ఆళ్వార్ల విగ్రహాలను కింద నిలబడి తలెత్తి చూస్తే, నల్లరాతి మీద దీపాల వెలుగు పాకుతుంటే, క్యూలో కాళ్లనొప్పులు మర్చిపోయాం. ఫోన్లు లోపలికి రానివ్వరు. అదీ మంచిదే అయింది, బొమ్మను బొమ్మగా చూశాం.

ఆదివారం పోచంపల్లి. 1951 ఏప్రిల్ 18న వెదిరె రామచంద్రారెడ్డి వంద ఎకరాలిస్తానని లేచిన ఊరు, వినోబా భావే భూదానం మొదలైన ఊరు. వినోబా మందిరం, నూటొక్క దర్వాజల ఇల్లు చూసి మ్యూజియానికి పోయాం. ఇక్కత్ ఎలా చేస్తారో వరసగా చూపించారు, మొదటిసారి వచ్చేవాళ్లు ముందు ఇది చూసి తర్వాత దుకాణాలకు పోవడం మంచిది. పోచంపల్లి ఇక్కత్‌కు 2005లోనే భౌగోళిక గుర్తింపు వచ్చింది, 2021లో ఐక్యరాజ్యసమితి పర్యాటక సంస్థ ఉత్తమ పర్యాటక గ్రామాల్లో చేర్చింది. ఆ పేరుతో పాటే రోడ్డు పొడుగునా షోరూములు వచ్చాయి.

అందులో ఒక దుకాణంలో నాకు బాధ కలిగింది. ఇక్కత్ డ్రెస్ మెటీరియల్ అని తొమ్మిది వందలకు చూపించారు. అత్తమ్మ బట్ట అందుకుని తిరగేసింది. వెనకవైపు రంగు వెలవెలబోతోంది. "ఇది అద్దకం బిడ్డా, నేత కాదు" అంది నాతో మెల్లగా. అమ్మేఆయన విని, అన్నీ ఇట్లాగే ఉంటాయన్నాడు. ఉండవు. ఇక్కత్‌లో నూలుకే ముందు రంగు వేసి ఆ తర్వాత నేస్తారు కాబట్టి బట్టకు రెండు పక్కలా ఒకే రంగు, ఒకే బొమ్మ. పువ్వు అంచులు కత్తిరించినట్టు కాకుండా కొంచెం జారినట్టు, ఈకలు తేలినట్టు ఉంటాయి. అంచులు మరీ గీత గీసినట్టుంటే అనుమానించాలి. చేనేత మార్కు, పట్టయితే సిల్క్ మార్కు అడగండి. మిల్లు ప్రింటును ఇక్కత్ పేరుతో అమ్మితే, చేత్తో నేసినాయన తన ధర చెప్పడానికే సిగ్గుపడే రోజు వస్తుంది. ఈ మాట నాకు ఆ సాయంత్రం పుట్టపాకలో ఇంకా బాగా అర్థమైంది.

పోచంపల్లి నుంచి చౌటుప్పల్ వచ్చి, అక్కడ అన్నం తిని, పుట్టపాకకు ఆటో మాట్లాడుకున్నాం. సంస్థాన్ నారాయణపురం మండలంలో ఉంది. ఊళ్లో నడుస్తుంటే ఇళ్లలోంచి మగ్గం చప్పుడు వినిపిస్తుంది. గజం గోవర్ధన గారికి 2011లో, గజం అంజయ్య గారికి 2013లో పద్మశ్రీ వచ్చింది ఈ నేతకే. పడుగు, పేక (నిలువు, అడ్డం దారాలు) రెండింటికీ చిటికి కట్టి, అంటే రంగు పట్టకూడని చోట ముడులు బిగించి, రంగులద్ది, నేసేటప్పుడు పువ్వుకు పువ్వు కలిసేలా చేసే డబుల్ ఇక్కత్ ప్రపంచంలో చాలా కొద్ది చోట్లే ఉంది. గుజరాత్ పటాన్‌లో ఉంది, బాలి దీవిలో తెంగనాన్‌లో ఉంది. మనకు ఇంటి పక్కన పుట్టపాకలో ఉంది.

మేం వెళ్లిన ఇల్లు మాకు ముందు తెలిసింది కాదు. తలుపు తీసి ఉంటే అత్తమ్మే "లోపలికి రావొచ్చా బిడ్డా?" అని అడిగింది. "రాండ్రి పెద్దమ్మా, కూసోండ్రి" అని ఇల్లాలు చాప వేసింది. భర్త గుంట మగ్గంలో ఉన్నాడు. నేను మగ్గం చూస్తున్నానే గానీ అత్తమ్మ చూపంతా గోడవారన ఉన్న ఆసు మీదే, అంటే దారం చుట్టే చట్రం మీదే. ఒక చివర ఒకే మేకు, ఇంకో చివర సగం చందమామలాగా వరసగా మేకులు. దారాన్ని ఈ చివరి నుంచి ఆ చివరికి ఒక్కో మేకుకూ తగిలిస్తూ చేయి చాపి తిప్పాలి. ఒక చీర పేకకు తొమ్మిది వేల సార్లు. ఆ పని ఆడవాళ్లది. అమ్మ భుజంనొప్పి చూడలేకనే ఆలేరు దగ్గర శారాజిపేటకు చెందిన చింతకింది మల్లేశం ఆసు యంత్రం తయారుచేశాడు, 2017లో పద్మశ్రీ అందుకున్నాడు. ఈ ఇంట్లో మాత్రం ఆసు ఇంకా చేతిదే.

అత్తమ్మ లేచి వెళ్లి దారం పట్టుకుంది. నలభై ఏళ్ల పైమాట. మొదటి నాలుగు మేకులకు తడబడింది, ఐదోదాని దగ్గరనుంచి చేయి దానంతటదే పోయింది. కుడి భుజం ముందుకు ఒరిగి, నడుం మాత్రం కదలకుండా. ఓ ఇరవై సార్లు తిప్పి ఆపేసింది. "మా అమ్మకు ఈ రెక్క లేవకపోతుండె" అంది. ఆ ఇల్లాలు తన భుజం పట్టుకుని నవ్వింది.

తర్వాత తేలియా రుమాలు చూపించారు. మడత విప్పగానే నూనె వాసన. ఆముదం కాయల పొట్టు కాల్చిన బూడిద నీళ్లలో, నూనెలో నూలును రోజూ పిసికి ఆరబెడతారు, రెండు మూడు వారాలు. అప్పుడుగానీ ఎరుపు, నలుపు అంత లోతుగా పట్టవు. తేల్ అంటే నూనె, అందుకే తేలియా అని పేరు. ఒకప్పుడు ఇవి అరబ్ దేశాలకు ఓడల్లో పోయేవి. 2020లో పుట్టపాక తేలియాకు భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఇంట్లో గ్రాఫు కాగితం మీద పెన్సిల్‌తో గీసిన నమూనా కూడా చూపించారు. ఒక్కో గడి ఒక్కో ముడి. ఎక్కడ రంగు పట్టకూడదో అక్కడ సైకిల్ ట్యూబు పేలికలతో బిగిస్తారు. నేను పదేళ్లుగా గ్రాఫు మీద బొమ్మ నేర్పుతున్నాను, ఆ కాగితం చూశాక నా పాఠం మారిపోయింది.

పట్టు డబుల్ ఇక్కత్ చీర ధర డెబ్బై వేలన్నారు, మా వల్ల కాదు. కాటన్ దుపట్టా ఒకటి మూడు వేల ఐదు వందలకు తీసుకున్నాను. బేరమాడలేదు, మీరూ ఆడకండి. ఎన్ని రోజుల పనో అడిగి తెలుసుకుంటే ధర దానంతటదే సబబుగా కనిపిస్తుంది. ఒక మనవి, ముందు ఫోన్ చేసి గానీ, తలుపు దగ్గర అడిగి గానీ లోపలికి వెళ్లండి. మగ్గంలో ఉన్న మనిషిని ఫొటోల కోసం పదేపదే ఆపకండి. ఊళ్లో హోటళ్లు పెద్దగా కనపడలేదు, తినేది చౌటుప్పల్‌లోనే చూసుకోండి. వెనక్కి ఆటో దొరకడం కష్టమవుతుంది, వచ్చిన ఆటోనే నిలుపుకోండి. మాకు రానుపోను ఏడు వందలైంది.

బయల్దేరేముందు, దుపట్టాకు బిల్లు రాసివ్వమన్నాను. గోడమీద ఆర్టిస్టు పేరు గుర్తొచ్చి, నేసినవాళ్ల పేరు కూడా రాయమని అడిగాను. ఆయన కొంచెం మొహమాటపడి తన పేరు రాశాడు. అత్తమ్మ కాగితం అందుకుని చూసి మళ్లీ ఆయన చేతికిచ్చింది.

"ఆసు పోసిందెవరు కొడుకా?"

ఆయన భార్య వైపు చూశాడు. పెన్ను ఆమెకే ఇచ్చాడు. ఆమె మోకాలి మీద కాగితం పెట్టుకుని, ఒత్తులు ఒక్కోటీ సరిచూసుకుంటూ, తన పేరు తానే రాసింది.

చౌటుప్పల్ నుంచి నల్లగొండ బస్సులో అత్తమ్మ ఆ కాగితాన్ని జీరో టికెట్‌తో పాటు మడిచి పర్సులో పెట్టుకుంది. దుపట్టా నా దగ్గర, బిల్లు ఆమె దగ్గర.